కంది పుట్టిల్లు

కొత్త పండుగ చేయనిదే మనం కందికాయ నోట పెట్టం. ఆ కంది ఎక్కడ పుట్టింది? 1880ల్లో డి కండోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలో అన్నాడు. తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. కందికి అతి దగ్గరి చుట్టం, కజానస్ కజానిఫోలియస్ అనే అడవికంది, పెరిగేది బస్తర్‌లో, ఒడిశాలో, మన తూర్పు కనుమల్లో.

అడవికంది కాయ ఎండగానే చిట్లి గింజ రాలిపోతుంది. ఎక్కడో ఒక చెట్టు కాయ చిట్లకుండా నిలిచి, కోసేవాళ్ల చేతికి దొరికింది. ఆ గింజే దాచి మళ్లీ చల్లారు. అలా తరతరాలకు అది పొలం కంది అయింది. ఒడిశాలోని గోపాల్‌పూర్, గోల్‌బాయ్ శాసన్ తవ్వకాల్లో దొరికిన మాడిన కందిగింజలు దాదాపు 3,000 ఏళ్ల నాటివి. ఆ విత్తనం ఎంచినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఆడవాళ్లే అయ్యుంటారని మా అనుమానం. విత్తనాల సొరబుర్ర ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది కదా.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ అడవికందిని తల్లిగా వాడి, పుప్పొడి పండని మొక్కలు తయారుచేసి, వాటితో సంకర కంది సాధించారు. తెలంగాణలో విడుదలైన అలాంటి రకానికి ‘మన్నెం కొండ కంది’ అని పేరు పెట్టారు. పేరు మనది, తల్లి మన అడవిది. సంకర విత్తనం దాచి చల్లితే మాత్రం అదే పంట రాదు. ఏటా కొనాలి.