డై పడనివారికి దొరికిన దారి

మన నెలవారీ సమావేశాల్లో డి.ఏ. బకాయిల తర్వాత ఎక్కువగా వినిపించే మాట 'యాంజియో'. ఏ ఫైలునైనా మొదటి కాగితం నుంచి చదవడం గుమాస్తాగా నాకు అలవాటు గనుక ఈ పరీక్ష కథను కూడా మొదటి నుంచే మనవి చేస్తాను.

1895లో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్-రే కనుగొన్నాడు. ఎముక కనబడింది గాని రక్తనాళం కనబడలేదు. 1896 జనవరిలోనే వియన్నాలో హాషెక్, లిండెంతాల్ అనేవారు శరీరం నుంచి వేరుచేసిన ఒక చేతి నాళాల్లోకి సున్నం కలిసిన మిశ్రమం ఎక్కించి బొమ్మ తీశారు. అది బతికున్నవారికి పనికిరాదు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అయోడిన్ లవణంతో మెదడు నాళాలను చూపించాడు.

ఆ తర్వాత థోరోట్రాస్ట్ అనే మందు వచ్చింది. బొమ్మ చక్కగా పడేది, ఎక్కించేటప్పుడు బాధ ఉండేది కాదు. కాని అందులోని థోరియం రేడియోధార్మిక పదార్థం. అది కాలేయంలోనే ఉండిపోయి ఎన్నో ఏళ్లకు క్యాన్సరు తెచ్చింది. 1950ల నాటికి దాన్ని మానేశారు. 1960ల చివర స్వీడన్ డాక్టరు టోర్‌స్టెన్ ఆల్మెన్ ఆలోచనతో తక్కువ మంట పెట్టే అయోడిన్ మందులకు దారి ఏర్పడింది. అయినా కొందరికి ఎలర్జీ, కిడ్నీ దెబ్బతిన్నవారికి ముప్పు మిగిలే ఉన్నాయి.

1971లో అమెరికాలోని ఫ్లోరిడాలో డాక్టర్ ఇర్విన్ హాకిన్స్ పరీక్ష చేస్తుండగా, రోగి పొట్టలోని ధమనిలోకి డైకి బదులు పొరపాటున 70 మి.లీ. మామూలు గాలి వెళ్లింది. అదృష్టవశాత్తు హాని జరగలేదు, పైగా నాళం ఫిల్ములో కనబడింది. గాలి ప్రమాదకరం గనుక ఆయన కార్బన్ డయాక్సైడును ఎంచుకున్నారు. అది రక్తంలో త్వరగా కరిగి, ఊపిరితో బయటికి పోతుంది. ఎలర్జీ లేదు, కిడ్నీకి భారం లేదు. 1980లలో కంప్యూటరుతో ఎముకల నీడ తీసివేసి నాళాన్ని మాత్రమే చూపే యంత్రాలు రావడంతో ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

దీనికీ హద్దులున్నాయి. గుండె, మెదడు నాళాలకు దీన్ని వాడరు. పొట్ట, కిడ్నీ, కాళ్ల ధమనులకు ఉపయోగం.

మా బావగారికి షుగరు వల్ల కాలివేలి పుండు మానలేదు. క్రియాటినిన్ చాలా ఎక్కువ. డై ఎక్కిస్తే కిడ్నీలు, ఎక్కించకపోతే కాలు అన్నట్టయింది. డాక్టర్లు ముందు డాప్లర్ స్కానుతో అడ్డు ఎక్కడుందో చూసి, తర్వాత ఈ వాయువుతో బొమ్మ తీస్తూ బెలూనుతో నాళం తెరిచారు. వేలు పోయింది, కాలు దక్కింది. డయాలసిస్ అవసరం పడలేదు.

కాబట్టి నా మనవి ఒక్కటే. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడనిది మన ఆఫీసుల్లో లెక్కకు వచ్చేదా? అలాగే ఇదివరకు డై పడకపోయిన సంగతి, తాజా క్రియాటినిన్, వాడే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. పరీక్షకు ముందే డాక్టరుగారికి చూపించి, నాకు వేరే దారి ఉందా అని అడగండి. అడగడం మన హక్కు.