సెలవు లేని సీజన్

గత రెండు భాగాల్లో కారంచేడు (1985), చుండూరు (1991) గురించి రాశాను. ఆ ఊళ్ళ చుట్టూ ఉన్న పత్తి, మిరప చేలల్లో నెత్తురు కనపడకుండా సాగిన చరిత్ర ఇంకోటి ఉంది. ఈసారి అది చెప్తాను. ఒక్క మాట చరిత్ర. ఆ మాట 'సీజనల్'.

నాకు పాప పుట్టినప్పుడు 180 రోజుల సెలవు వచ్చింది. ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్ని కాబట్టి జీతం ఆగలేదు. తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మ ఇంట్లో ఉన్నది ఇరవై రోజులు. ఇరవై ఒకటో రోజున మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతూ కూచుంది. తమ్ముడు వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో. వాడికి పాలివ్వాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. ఆ ఇరవై రోజులకూ కూలి లేదు, అప్పు మాత్రం మిగిలింది.

పత్తి రోజుల్లో అమ్మ జిన్నింగ్ మిల్లుకు పోయేది. చేలో అంటే సరే, మిల్లు ఫ్యాక్టరీయే కదా, అక్కడైనా సెలవు ఉండాలి కదా అని చట్టాలు తిరగేశాను. అక్కడ దొరికింది ఈ మాట.

1934 ఫ్యాక్టరీల చట్టం ఫ్యాక్టరీలను రెండు రకాలు చేసింది: ఏడాది పొడవునా నడిచేవి, సీజనల్‌వి. సీజనల్ జాబితాలో మొదటి పేరే పత్తి జిన్నింగ్. ఆ తర్వాత పత్తి, జనపనార ప్రెస్సింగ్, వేరుశనగ కాయ వొలవడం, కాఫీ, నీలిమందు, లక్క, రబ్బరు, చక్కెర, తేయాకు. మామూలు ఫ్యాక్టరీలో వారానికి 54 గంటల పని పరిమితి. సీజనల్ ఫ్యాక్టరీలో 60 గంటలు. పంట త్వరగా బేలు కట్టి ఓడ ఎక్కాలి కదా!

తెల్లవాళ్ళు పోయారు. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. జబ్బు చేసిన కార్మికుడికి డబ్బుతో కూడిన సెలవును హక్కు చేసిన చట్టం అది. ఇవాళ ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళకు జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. కాన్పుకు 26 వారాలు పూర్తి వేతనం. కానీ ఆ 1948 చట్టం 'సీజనల్ ఫ్యాక్టరీలు మినహా' మిగతావాటికే వర్తించింది. సీజనల్ అంటే ఏమిటని చూస్తే మళ్ళీ అదే జాబితా, మళ్ళీ మొదట పత్తి జిన్నింగ్. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈఎస్ఐ నుంచి సీజనల్ ఫ్యాక్టరీని తప్పించింది. జాబితాలో నీలిమందు కూడా అలాగే ఉంది. కృత్రిమ రంగుల దెబ్బకు నీలిమందు వ్యాపారం కూలి వందేళ్ళయింది. ఆ మాట కొట్టేయాలని కూడా ఎవరికీ తోచలేదంటే, ఆ జాబితాలోని మనుషుల గురించి ఎవరు ఆలోచించినట్టు?

బాబాసాహెబ్ ఆలోచించాడు. 1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి దేశానికి మేలు కనుక ఆ ఖర్చులో ప్రభుత్వానికీ భాగం ఉండాలని వాదించాడు. 1945లో ఆయన కార్మిక శాఖ చూస్తున్నప్పుడే ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో వార్షిక సెలవు చట్టమైంది. అయితే దాచకుండా చెప్పుకోవాలి: అది కూడా ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకే. ఆయన కలం కూడా ఆ గీత దగ్గర ఆగింది. మిగిలింది మన పని.

1961 ప్రసూతి చట్టం ఉండేది కదా అంటారు. నిజమే, అందులో సీజనల్ మినహాయింపు ఉండేది కాదు. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే సరిపోయేది. కానీ ఆ 80 రోజులకు రుజువేది? అమ్మ పేరు ఎప్పుడూ మిల్లు రిజిస్టర్లో లేదు, ముఠా మేస్త్రి నోటుబుక్కులో ఉండేది. పైగా ఆ చట్టం ఫ్యాక్టరీ, గని, తోట, దుకాణం దగ్గర ఆగిపోయింది. తేయాకు తోటలో ఆకు కోసే తల్లికి వర్తించింది, మిరపచేలో కాయ కోసే తల్లికి వర్తించలేదు.

ఆమెకు మిగిలేది మాతృ వందన పథకం. మొదటి కాన్పుకు 5,000 రూపాయలు. 26 వారాలంటే 182 రోజులు. భాగించి చూడండి, రోజుకు 28 రూపాయలు కూడా రాదు. నా సెలవుకూ ఆమె సెలవుకూ మధ్య దూరం అంత.

"ఆమె ఈ రోజు ఒక రైతు చేలో, రేపు ఇంకో రైతు చేలో చేస్తుంది. సెలవు జీతం ఎవరివ్వాలి? కౌలు రైతే అప్పుల్లో ఉన్నాడు" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి మహారాష్ట్ర హమాలీలు 1969లోనే జవాబు సాధించారు. మాథాడీ చట్టం కింద కార్మికుడు బోర్డులో నమోదవుతాడు. ఎంతమంది వ్యాపారుల సరుకు మోసినా కూలితో పాటు దాని మీద లెవీ బోర్డుకు చేరుతుంది. జీతంతో సెలవు అందులోంచే ఇస్తారు. యజమాని మారినా హక్కు మారదు.

గుంటూరు మిర్చి యార్డులో ప్రతి టిక్కీ కాటా ఎక్కుతుంది, లెక్క రాస్తారు, కొన్నవాడి దగ్గర మార్కెట్ ఫీజు తీసుకుంటారు. జిన్నింగ్ మిల్లు దాటే ప్రతి బేలుకూ లెక్క ఉంది. కాయకూ దూదికీ ఉన్న లెక్క కోసిన చేతికి ఎందుకు ఉండకూడదు? కొనుగోలుదారు మీద లెవీ, ప్రభుత్వ వాటా, కూలీ పేరున కార్డు. ఈ మూడూ కలిపి ఒక బోర్డు అడుగుదాం.

పత్తి అయిపోతే మిరప, కోతలైతే కల్లాలు, అవీ అయితే ఉపాధి హామీ పని. అమ్మ ఏడాదంతా పనిచేసింది. సీజనల్‌ది మిల్లు, ఆమె కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ వేసవి సెలవుల్లో మీ పల్లెలో పది మంది తల్లులను అడగండి: కాన్పయిన ఎన్నో రోజున పనిలోకి వెళ్ళారు, అప్పుడు ఎంత అప్పు చేశారు? రాసి పెట్టండి. బోర్డు అడిగే రోజున మన చేతిలో ఉండాల్సిన రిజిస్టర్ అదే.

జై భీమ్.