ఎన్నో బల్లలు దాటిన అబద్ధం

ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆడిటర్లు చేసే పనుల్లో చాలా మామూలుది ఒకటుంది. కంపెనీకి ఖాతా ఉన్న బ్యాంకుకు ఉత్తరం రాసి, ఫలానా తేదీకి అందులో ఎంత సొమ్ముందో చెప్పమని అడగడం. ఉత్తరం ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటరు చేతికే రావాలి. మధ్యలో కంపెనీ చెయ్యి పడకూడదు. ఆడిట్ నేర్చుకునే కుర్రాళ్లకు మొదట చెప్పే పాఠాల్లో ఇదొకటి. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్‌లో ఏళ్ల తరబడి ఈ పని సరిగా జరగలేదు. దేశం చూసిన అతిపెద్ద కార్పొరేట్ మోసాల్లో ఒకటి ఆ సందులోంచే నడిచింది.

బి. రామలింగరాజు 1987లో ఈ కంపెనీ పెట్టారు. 1990ల మొదట్లో షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా కంపెనీ పేరు కనబడింది. 2008 నాటికి ఉద్యోగులు 53 వేల మంది. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల్లో దేశంలో నాలుగో స్థానం. తెలుగునాట ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు అది కలల కొలువు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి సత్యంలో చేస్తున్నాడంటే ఇంకో ప్రశ్న అడిగేవారు కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ వెనక ఉన్నదీ రామలింగరాజే. 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు ఈ కంపెనీకే వచ్చింది.

అదే సెప్టెంబరుతో ముగిసిన 3 నెలల లెక్క చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. కంపెనీ చూపిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, నిజంగా మిగిలింది 61 కోట్లు. అంటే నూటికి 24 రూపాయల లాభం చూపిన చోట ఉన్నది 3 రూపాయలే.

లేని లాభం కాగితం మీద పుడితే అది ఎక్కడో ఒకచోట కనబడాలి. బ్యాంకులో డబ్బుగానో, ఖాతాదారుల నుంచి రావలసిన బాకీగానో చూపాలి. సత్యం దాన్ని ఎక్కువగా బ్యాంకులో చూపింది. లెక్కల ప్రకారం నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. లేని డిపాజిట్ల మీద 376 కోట్ల వడ్డీ కూడా రావలసి ఉందని రాసుకున్నారు. ఒక త్రైమాసికంలో పెంచి చూపిన అంకెను తరవాతి త్రైమాసికం నిలబెట్టాలి. నిలబెట్టాలంటే ఇంకా పెంచాలి.

ఈ పని ఒక మనిషి వల్ల అయ్యేది కాదు. సీబీఐ దర్యాప్తులో ఏడు వేలకు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. ప్రాజెక్టులు నడిపే విభాగాల వాళ్లకు అవి కనబడకుండా సాఫ్ట్‌వేర్‌లోనే ఒక దొంగదారి ఏర్పాటు చేశారు. తన ప్రాజెక్టు పేరు మీద బిల్లు వెళ్లిందని ఆ ప్రాజెక్టు మేనేజరుకే తెలియదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదులు కూడా దొంగవి తయారయ్యాయి. వీటన్నిటికీ ఎవరో కంప్యూటరు ముందు కూర్చోవాలి, ఎవరో అచ్చు తీయాలి, ఎవరో ఫైలులో పెట్టాలి. తరవాత శిక్ష పడినవారిలో ఫైనాన్స్ విభాగంలో అసిస్టెంట్ మేనేజరు స్థాయి ఉద్యోగి దగ్గర నుంచి అంతర్గత ఆడిట్ అధిపతి దాకా ఉన్నారు. పైవాడు చెప్పాడని చేయడం, చేశాక నోరు మెదపకపోవడం, ఏ ఆఫీసులోనైనా ఎదురయ్యేవే. సత్యంలో వాటి మొత్తం వేల కోట్లకు చేరింది.

బయటి ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకులకు పంపే ధ్రువీకరణ ఉత్తరాలను అది కంపెనీ చేతికే వదిలేసిందని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. కొన్ని బ్యాంకుల నుంచి నేరుగా వచ్చిన అంకెలకూ కంపెనీ ఇచ్చిన అంకెలకూ పొంతన లేకపోయినా ఎవరూ తవ్వి చూడలేదు.

ఈలోగా రాజు కుటుంబం చూపు భూముల మీద, నిర్మాణాల మీద పడింది. సత్యం అన్న మాటను ఇంగ్లిషు అక్షరాల్లో తిరగేసి రాస్తే వచ్చే పేరు మేటాస్. ఆ పేరుతో రెండు కంపెనీలు నడిచాయి. హైదరాబాద్ మెట్రో కట్టడానికి ప్రభుత్వం నుంచి రూపాయి అడగకపోగా, ఎదురు 30,311 కోట్లు ఇస్తామని మేటాస్ నాయకత్వంలోని బృందం 2008లో ముందుకొచ్చింది. ఢిల్లీ మెట్రో నిర్మాత ఇ. శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే దీని వెనక భూముల వ్యవహారం ఉండవచ్చని ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద పరువునష్టం దావా వేస్తామని హెచ్చరించింది. అనుమానం చెప్పినవారి మీదే అనుమానపడ్డ రోజులవి.

2008 డిసెంబరు 16న ఆ రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని సత్యం బోర్డు తీర్మానించింది. కొనేదీ అమ్మేదీ ఒకే కుటుంబం. పేరున్న ప్రొఫెసర్లు, మాజీ ఉన్నతాధికారి స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్న బోర్డది. కొందరు ప్రశ్నలు వేశారు, చివరికి అందరూ సరేనన్నారు. వాటాదారులు మాత్రం ఊరుకోలేదు. న్యూయార్క్‌లో షేరు ధర సగానికి పైగా పడిపోవడంతో గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. లేని డబ్బుతో నిజమైన ఆస్తి కొన్నట్టు చూపి లెక్కల్లోని గుంత పూడ్చడానికి మిగిలిన చివరి దారి అలా మూసుకుపోయింది.

అదే వారంలో లెక్కలన్నీ దొంగవని ఒక స్వతంత్ర డైరెక్టరుకు ఈమెయిల్ వచ్చింది. రాసినవారు మారుపేరు పెట్టుకున్నారు. 3 వారాలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ బోర్డుకు లేఖ రాశారు. ఆ ఒక్కరోజులో షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా కూలింది. పిల్లల చదువులకని, పెళ్లిళ్లకని షేర్లు దాచుకున్న కుటుంబాలు తెలుగు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.

ఉద్యోగుల్లో ఎక్కువమందికి ఈ మోసంతో ఏ సంబంధమూ లేదు. వాళ్లు రాసిన ప్రోగ్రాములు నిజమైనవి, ఖాతాదారులూ నిజమైనవారే. కంపెనీ బతికిందీ అందుకే. కేంద్రం పాత బోర్డును రద్దు చేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్ వంటివారిని కూర్చోబెట్టింది. వాళ్లు బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి కంపెనీని నడిపారు. ఏప్రిల్‌లో జరిగిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల లెక్కన 31 శాతం వాటా గెలుచుకుంది. అయినా ఆ ఏడాది వేలమందిని పని లేకుండా, తగ్గించిన జీతంతో పక్కన కూర్చోబెట్టారు. చేయని తప్పుకు జరిమానా కట్టింది వాళ్లే.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజు, ఆయన సోదరులు, ఇద్దరు ఆడిటర్లు సహా 10 మందికి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. మరుసటి నెలలో అప్పీలు మీద ఆ శిక్ష అమలు నిలిచిపోయి, వాళ్లకు బెయిలు వచ్చింది.

నష్టపరిహారం కథ మరింత బాధాకరం. అమెరికాలో షేర్లు కొన్నవారు అంతా కలిసి ఒకే దావా వేసి, సత్యం నుంచి పన్నెండున్నర కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ నుంచి రెండున్నర కోట్ల డాలర్లకు పైగా రాబట్టుకున్నారు. మన దేశంలో కొన్న చిన్న మదుపరికి అప్పట్లో అలాంటి దావా వేసే మార్గమే చట్టంలో లేదు. ఆ హక్కు 2013 కంపెనీల చట్టంతో వచ్చింది. ఒకే ఆడిట్ సంస్థ ఏళ్ల తరబడి అతుక్కుపోకుండా గడువు పెట్టిందీ ఆ చట్టమే. మోసం కనబడితే ప్రభుత్వానికి చెప్పే బాధ్యత ఆడిటరు మీద పడింది. ఆడిటర్లను గమనించే జాతీయ సంస్థ 2018లో ఏర్పడింది.

ఆ చట్టంలోని 177వ సెక్షన్ గురించి ఆఫీసుల్లో చాలా తక్కువ మాట్లాడుకుంటారు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న ప్రతి కంపెనీలోనూ తప్పు జరుగుతోందని ఉద్యోగి చెప్పుకునే ఏర్పాటు ఉండాలి, చెప్పినవారికి రక్షణ ఉండాలి, అవసరమైతే ఆడిట్ కమిటీ అధ్యక్షుడికే నేరుగా చెప్పుకునే వీలుండాలి అంటుంది ఆ సెక్షన్. ఆ వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా చెబుతుంది. ఇవాళ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు జీతం కాగితంతోపాటు ఆ పేజీని కూడా ఒకసారి చదవాలి. చేర్చుకునే కంపెనీలు మొదటి వారంలోనే దాన్ని వాళ్లకు చూపించాలి.