పుట్టిన పిమ్మట పూర్తియగు వెన్నుపాము

అరక్కోణము, గుడియాత్తము ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో ‘వేలూరికి తీసికొనిపోయినారు’ అన్న మాటకు జబ్బు సామాన్యమైనది కాదని యర్థము. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ప్రారంభించిన వైద్యశాల నేడెంతటిదైనదో మన పాఠకులకు వేరుగ చెప్ప నక్కరలేదు. అయితే నరములలో జరుగు రసాయన వ్యాపారమును శోధించుటలో ఆ యూరికి గల స్థానము మనలో కొందరికే తెలియును. దానిని గూర్చియు, అట్టి శోధన తరువాతి కాలమున లోకములో ఎంతవరకు సాగినదో దానిని గూర్చియు ఇచ్చట ముచ్చటింప దలచితిమి.

1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీ గారు నాడీ శస్త్రచికిత్సా శాఖను నెలకొల్పిరి. మన దేశమున అట్టి శాఖలలో అదియే మొదటిది. 1957లో బిమల్ కుమార్ బచావత్ గారు అచ్చటి నాడీ రసాయన ప్రయోగశాల భారమును వహించిరి. ఆయనయు, ఆయన సహచరులును అమెరికా వైద్యుడగు ఆస్టిన్‌తో కలిసి శోధించిన వ్యాధి యొకటి కలదు. అందు బిడ్డ పుట్టినపుడు లోపమేమియు కనబడదు. నడక నేర్చును, కొలది కాలమునకే నేర్చిన నడకను మఱచును. నాడీతంతువులను కప్పియుండు క్రొవ్వుపొరలోని సల్ఫటైడు అను పదార్థమును విడగొట్టు ఎంజైము కొఱవడుటచే అది పేరుకొని ఆ పొరనే చెఱచును. ఈ విషయమై వారి పత్రములు 1963, 1964 సంవత్సరములలో వెలువడినవి.

ఆ 1964లోనే బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థలో ఎస్. ఎల్. ఎన్. రావు, అడిగ, శర్మ గారలు ఖేసరి పప్పులోని విషమును వేరుచేసిరి. ఆ పప్పునే నెలల తరబడి తినిన బీదలకు కాళ్ళు బిగిసిపోవుట ఉత్తర దేశమున పూర్వమునుండి ఎరిగినదే. వింత యేమన, ప్రయోగములలో ఆ విషము కోడిపిల్లలకు మూర్ఛ తెప్పించినది. ఎదిగిన ప్రాణులు దానిని తట్టుకొన్నవి. రావుగారు పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఈ పరిశోధనను కొనసాగించిరి. వేలూరి కథయు, ఈ కథయు తెలుపునది యొక్కటే. పసికందు నాడీమండలము పెద్దవారి దానికి చిన్న అచ్చు కాదు. గృహప్రవేశమైన పిమ్మటను గోడలు లేచుచున్న ఇల్లు వంటిది.

అట్లు పుట్టిన పిమ్మట కుదురుకొను వానిలో వెన్నుపామునందలి రవాణా మాంసకృత్తులు ముఖ్యములు. ఒక నాడీకణము పొరుగు కణమునకు వార్త నందించుటకు రసాయనమును విడుచును. నరములు రసాయనము ద్వారా పనిచేయునని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో నిరూపించెను. వార్త అందిన పిమ్మట ఆ రసాయనము తొలగవలెను. అరక్కోణము జంక్షనులో ముందు బండి కదలనిదే ఆ ప్లాట్‌ఫారముపైకి వెనుక బండి రాజాలదు గదా! ఎసిటైల్‌కోలీనును ఎంజైము విఱుచునని తెలిసియుండుటచే తక్కిన వానికిని అదే గతి యని పండితులు చాలకాలము తలచిరి. 1961లో హెర్టింగ్, ఆక్సెల్రాడ్ అనువారు నారడ్రినలినును దానిని విడిచిన నరపు కొనయే మరల లోనికి తోడుకొనునని చూపిరి. 1970లో ఆక్సెల్రాడ్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఈ తోడు పని చేయునవియే రవాణా మాంసకృత్తులు.

వెన్నుపాములో అణచు వార్తను మోయునది ముఖ్యముగా గ్లైసీను. ఒక కండర మీడ్చునపుడు ఎదుటి కండరము సడలుట దానివలననే. 1965లో ఏప్రిసన్, వెర్మన్ అనువారు దీని పాత్రను వెల్లడించిరి. దీనిని తోడు మాంసకృత్తులు రెండని 1992, 1993లలో తేలినది: మొదటిది అధికముగా నరముల నంటియుండు పోషక కణములలోను, రెండవది నరపు కొనలలోను ఉండును.

2003లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఈ రెండింటిని వేర్వేరుగ లోపింపజేసిన ఎలుకలను పరీక్షించిరి. ఇదియే మాకు మిక్కిలి రుచించిన ఘట్టము. మొదటిది లేని పిల్లలలో గ్లైసీను తొలగక నిలిచి, ఊపిరిని అణచివేసినది. అవి పుట్టిన దినముననే చచ్చినవి. రెండవది లేనివి పుట్టినపుడు చక్కగానే యున్నవి. రెండవ వారమున వణకు, బిగువు పుట్టి అవియు చచ్చినవి. రెండును గ్లైసీనును తోడునవే యైనను ఫలములు ఎదురెదురుగ నుండుటకు కారణ మిది: రెండవ మాంసకృత్తు నరపు కొనకు సరకు తిరిగి చేర్చును, అది లేకున్న కొట్టు ఖాళీయై, అణచు వార్తయే సన్నగిలిపోవును.

మనుష్యులలోను ఈ రెండవ మాంసకృత్తు జన్యువు చెడుట ఉలికిపాటు రోగమునకు హేతు వగునని 2006లో తెలిసినది. చప్పుడు విన్నను, ముక్కు తాకినను శిశువు కొయ్యవలె బిగిసిపోవును. ఒక్కొక్కపుడు ఊపిరియు నిలుచును. బిడ్డ అట్లు బిగిసినచో మన ఇండ్లలో బాలగ్రహమనిరి, తాయెత్తు గట్టిరి. వారిని నిందింప మాకు మనసొప్పదు. నాడు వారికి వేరు పేరు లేదు. నేడు పేరును కలదు, క్లోనజెపాము అను మందును కలదు. అది అణచు వార్తకు వేరొక త్రోవను బలమిచ్చును. మూర్ఛ యని పొరబడి వేరు మందులతో కాలము గడపుటయు కలదు గనుక, బిడ్డను నాడీ వైద్యునికి చూపునపుడు చప్పుడుకు బిగిసిన సంగతి తప్పక చెప్పవలెను. ఆ బిగువు సామాన్యముగా తొలి యేండ్లలోనే సడలును. ఉలికిపాటు మాత్రము కొందరిని పెద్దతనమునను విడువదు.