మంచుపలక – గట్టి బూటు

మిరపకల్లముల ఎరుపు, ప్రత్తిచేల తెలుపు ఎరిగిన గుంటూరు, ప్రకాశం సీమలలో మంచు కురియదు. అయినను, నేల పదును చూచి గొర్రు కట్టు రైతునకు, మంచువాలును చూచి పలకను ఎన్నుకొనుటలోని వివేకము తేలికగా బోధపడును.

ఈ పలక చరిత్ర సుదీర్ఘమైనది కాదు. 1965లో అమెరికాలోని మస్కీగన్ పట్టణమున షెర్మన్ పాపెన్ తన కుమార్తెల ఆటకై రెండు స్కీ పలకలను జతచేసెను. అదియే స్నర్ఫర్. దానిపై పాదములకు కట్టు లేదు. ముందున్న త్రాడే ఆధారము. 1977లో పలకల తయారీకి పూనుకొన్న జేక్ బర్టన్ కార్పెంటర్ పాదములకు కట్లు అమర్చెను. పిమ్మట ఆల్ప్స్ వాలులపై వేగముగ మలుపులు తీయువారు, స్కీ బూటువంటి గట్టి బూటును తొడిగిరి. మోకాలు వంచినంతనే ఆ ఒరుగు పలక అంచునకు చేరును. అంచు పక్కకు జారక, నాగటిచాలువలె మంచులో సన్నని గీత కోయును. 1998లో నాగానో ఒలింపిక్సునందు మంచుపలక క్రీడకు తొలిసారి స్థానము లభించెను.

క్రొత్తగా కొనువారికి ముప్పు ఇచ్చటనే కలదు. ఈ పలకలు సన్నవి. కనుక పాదములను ముందువైపునకు ఏటవాలుగా నిలుపుదురు. అప్పటికిని బూటుకొన పలకను దాటినచో, ఒరిగినపుడది మంచును ఒరయును; అంచు లేచి, మనిషి ఆ వేగముతోనే కూలును. కావున పాదమును కొలిచి బూటును, బూటును బట్టి పలక వెడల్పును, శరీరపు బరువును బట్టి దాని బిరుసును నిర్ణయించుకొనవలెను. రంగులు చూచి ముందుగా పలకను కొనువాడు, ఎద్దులను చూడక కాడిని కొన్నవానితో సమానుడు.