బొంబాయి బావుల్లో పెరిగిన దోమ

దోమ అనగానే మురుగుకాలవ గుర్తుకొస్తుంది. కానీ మన నగరాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై దోమకు కావలసింది తేటనీరు. గుడ్లు పెట్టడానికి అది ఇంటి బావినీ, మేడమీది ట్యాంకునూ, మూతలేని సంపునూ వెతుక్కుంటుంది. శుభ్రమైన ఇంట్లో, శుభ్రమైన నీళ్లలో పెరిగే ఈ దోమ సంగతి బొంబాయి నగరానికి బోధపడటానికి చాలాకాలం పట్టింది.

1911లో చార్లెస్ బెంట్లీ అనే డాక్టరు బొంబాయి మలేరియా మీద నివేదిక ఇచ్చాడు. చిత్తడి నేలలకు దూరంగా, రాతి మేడల మధ్య చలిజ్వరాలు ఎందుకు వస్తున్నాయన్నది అప్పటి ప్రశ్న. బెంట్లీ ఇళ్ల బావులు చూపించాడు. ఆ నీళ్లలో స్టీఫెన్సై పిల్లలు కనిపించాయి. దోమ కడుపులో మలేరియా క్రిమి ఎదుగుదలను సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనిపెట్టి అప్పటికి 14 ఏళ్లే అయింది. 1897 ఆగస్టు 20న ఆయన సూక్ష్మదర్శిని కింద కోసి చూసిన దోమ, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టినది. కుట్టించుకున్న ఒక్కో దోమకు ఆ రోగికి ముట్టింది ఒక అణా. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు కూడా ఈ చరిత్రలో న్యాయంగా చోటు ఉండాలి.

స్టీఫెన్సైని 1901లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు గ్లెన్ లిస్టన్. తర్వాత బొంబాయిలోని ప్లేగు ప్రయోగశాలలో పనిచేస్తూ, ఎలుకల ఒంటి మీది గోమార్లే ప్లేగును మనుషులకు అంటిస్తున్నాయని రుజువు చేయడంలో ముందున్నవాడూ ఆయనే. 1896లో బొంబాయిలో మొదలైన ఆ ప్లేగుకు కిక్కిరిసిన చాల్ ఇళ్లు, ధాన్యపు గోదాములు, వాటిలో పెరిగిన ఎలుకలు ఊతమిచ్చాయి. ప్లేగులోనూ మలేరియాలోనూ లిస్టన్ చూసింది ఒకటే: మనుషులు కట్టుకున్న ఊరిలోనే మరో ప్రాణి తన బతుకు వెతుక్కోవడం.

ఇక బావుల గొడవ. బొంబాయికి విహార్ చెరువు నీళ్లు 1860లో, తులసి నీళ్లు 1879లో, తాన్సా నీళ్లు 1892లో వచ్చాయి. కొళాయిలు వచ్చినా జనం బావులు వదల్లేదు. పూడ్చాలి, లేదా దోమ దూరకుండా మూత వేయాలి అని అధికారులు పట్టుబట్టేసరికి పార్సీలు, హిందువులు ఎదురుతిరిగారు. పూజకు కొళాయి నీళ్లు పనికిరావన్నారు. బావిలో దేవత ఉందని, పూడిస్తే ఇంటికి అరిష్టమని అర్జీలు పెట్టారు. 1725 నాటి భీఖా బెహ్రామ్ బావి చర్చిగేట్ దగ్గర నేటికీ పార్సీలకు పుణ్యస్థలమే. అప్పుడు మునిసిపాలిటీలో పనిచేస్తున్న రుస్తుం మసానీ ఈ నమ్మకాలన్నీ ఏర్చికూర్చి 1918లో బావుల జానపద విజ్ఞానం మీద ఒక పుస్తకమే తెచ్చాడు. చివరికి కొన్ని బావులకు సన్నజాలీ మూత బిగించి, చేద వేసుకోవడానికి చిన్న తలుపు పెట్టే రాజీ కుదిరింది.

ఆ అర్జీదారులను మూఢులని కొట్టిపారేయడం అన్యాయం. నీళ్లు సొంత చేతిలో ఉండాలన్న కోరిక వాళ్లది. కొళాయిని పూర్తిగా నమ్మలేని ఊరిలో అది తెలివైన పనే.

దోమకు తావిచ్చినవి బావులే కాదు. కట్టుబడి జరిగే ప్రతి చోటా నీటితొట్లు, పునాది గుంటలు ఉంటాయి. ఊరూరి నుంచీ వచ్చిన కూలీలు వాటి పక్కనే గుడిసెల్లో పడుకుంటారు. దోమ, రోగి, నీరు అక్కడ ఒక్కచోట చేరతాయి. బొంబాయిని కట్టినవాళ్లలో తెలంగాణ నుంచి వలసపోయిన కామాటీలు ఎందరో. అక్కడి కామాఠీపురా పేటకు ఆ పేరు వచ్చింది వాళ్ల వల్లనే. నగరం కట్టేవాడికే నగరపు జ్వరం ముందు సోకడం ఇప్పటికీ మారలేదు.

బావులు పోయాక సంపులు, మేడమీది ట్యాంకులు వచ్చాయి. స్టీఫెన్సై వాటికీ అలవాటు పడింది. డెంగీని మోసే ఏడీస్ దోమ కూడా ఇళ్లలోని నీటి డ్రమ్ముల్లో, పూలకుండీల పళ్లేల్లో చేరింది. పల్లెల కోసం రూపొందిన మలేరియా పథకం పట్టణాలకు చాలదని తేలి, 1971లో కేంద్రం పట్టణ మలేరియా పథకం మొదలుపెట్టింది.

దక్షిణాసియాలోనూ అరేబియా ద్వీపకల్పంలోనూ ఉన్న స్టీఫెన్సై దోమ 2012లో ఆఫ్రికా తీరంలోని జిబౌటీలో బయటపడింది. ఆ ఏడాది అక్కడ లెక్కకెక్కిన మలేరియా కేసులు 27. 2020 నాటికి అవి 73 వేలు దాటాయి. తర్వాత ఆ దోమ ఇథియోపియాకూ పాకింది. 2022లో అక్కడి డిరే దావా పట్టణంలో ఎండాకాలంలోనే జ్వరాలు విజృంభించాయి. వానలతో వచ్చి వానలతో పోయే మలేరియాకు అలవాటుపడిన దేశాలు అవి. నిల్వనీటి దోమకు వానాకాలంతో పనిలేదు.

హైదరాబాదులోనూ అనేక తెలుగు పట్టణాల్లోనూ చాలా పేటలకు నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజే. రేపు రాని నీటిని ఈరోజు పట్టి ఉంచుకోక ఇల్లాలు ఏం చేస్తుంది? డ్రమ్ము ఒంపలేదని ఆమెకు నోటీసు ఇవ్వడం తేలిక. నీళ్లు రోజూ ఇవ్వడం, సంపుల మూతలు తనిఖీ చేయడం కష్టమే గానీ, జ్వరం తగ్గేది దానివల్లే. వార్డు కార్యాలయానికి వెళ్లినప్పుడు పొగ మిషను ఎప్పుడొస్తుందని అడిగే ముందు, కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో అడగండి.