వాట్సన్ కాదన్న ఫైళ్లు

2016. బెంగళూరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని మణిపాల్ ఆస్పత్రి. క్యాన్సర్ డాక్టర్ల ముందుకు పాత కేసులు మళ్లీ వచ్చాయి. అన్నీ రొమ్ము క్యాన్సర్‌వే. ఎవరికి ఏ మందు ఇవ్వాలో ఆ డాక్టర్లే కూర్చుని తేల్చేసిన కేసులు. కొన్నిటికి రెండేళ్లు కావస్తోంది. తేలిపోయినవాటిని మళ్లీ ఎందుకు తేల్చాలి? ఈ మధ్యలో ఒక యంత్రం ఆ కేసులు చదివింది. మీరు రాసిన వైద్యం నా లెక్కకు కుదరడం లేదంది.

యంత్రం పేరు వాట్సన్ ఫర్ ఆంకాలజీ. తయారీ ఐబీఎం. పాఠాలు చెప్పింది న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ డాక్టర్లు. దాన్ని తెచ్చుకుంటున్నట్టు మణిపాల్ 2015 చివర్లో ప్రకటించింది. తెచ్చుకున్నాక దాన్ని తమతోనే పోటీ పెట్టి చూసుకున్నారు. డాక్టర్ ఎస్.పి. సోమశేఖర్ బృందం 2014 నుంచి 2016 దాకా వైద్యం నిర్ణయించిన 638 కేసులను వాట్సన్ ముందు పెట్టింది. సీమ జిల్లాల్లో పెద్ద జబ్బంటే బెంగళూరు బస్సెక్కడమే కాబట్టి వాటిలో మనవాళ్లవీ ఉండే ఉంటాయి.

ఒక్కో కేసులో ఎన్నో ఆరాలు. రోగి వయసెంత, గడ్డ సైజెంత, చంకలోని గ్రంథులకు పాకిందా, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివా నెగటివా, హెర్2 సంగతేమిటి? ఇవన్నీ కూడగట్టి ఆలోచించడానికి మనుషులకు మొదట్లో సగటున 20 నిమిషాలు పట్టేది, చేయి తిరిగాక 12. వాట్సన్‌కు 40 సెకన్లు.

లెక్క తీస్తే ఇద్దరి మాటా కలిసింది 73 శాతం కేసుల్లో. మిగతావి ఎవరి తప్పు? డాక్టర్లకు కోపం వచ్చినా తప్పు లేదు, యంత్రాన్ని పక్కన పడేసినా అడిగేవాళ్లు లేరు. వాళ్లు మాత్రం మాట కలవని ప్రతి కేసునూ, వాట్సన్ ఏం చెప్పిందో చూడకుండా, కొత్త కేసులా మళ్లీ చూశారు. ఈసారి మాట 93 శాతంలో కలిసింది.

అంటే 2014లో డాక్టర్లు పొరపాటు పడ్డారనా? కాదు. ఆ రెండేళ్లలో వైద్యమే కదిలింది. కొత్త మందులు, కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. పైగా ఆ 93 శాతం కొలత కాస్త వదులే. వాట్సన్ గట్టిగా సిఫార్సు చేసినదాన్నే కాదు, 'పరిశీలించవచ్చు' అన్నదాన్నీ కలిసినట్టే లెక్కేశారు. 45 ఏళ్ల లోపు వాళ్లతో పోలిస్తే పెద్ద వయసు రోగుల దగ్గర మాట తక్కువగా కలిసింది. డెబ్బై ఏళ్ల మనిషి కీమోకు తట్టుకుంటుందా, ఇంట్లో చూసేవాళ్లున్నారా, ఖర్చు ఎవరు పెడతారు అన్నవి గడుల్లో నింపే సంగతులు కావు. ఖర్చు సంగతే చూడండి. హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌ను బయోకాన్ అదే బెంగళూరు నుంచి 2014లో తక్కువ ధరకు తెచ్చింది. అయినా చాలా ఇళ్లకు అది అందని మందే.

ఇక దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 2013 జులై, శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్‌ఎఫ్ పిల్లల ఆస్పత్రి. 16 ఏళ్ల అబ్బాయి, బరువు 38.6 కిలోలు. వేయాల్సింది 160 మిల్లీగ్రాముల సెప్ట్రా అనే యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి. డాక్టర్ కంప్యూటర్లో 160 అని కొట్టింది. తెర మీద ఆ గడి 'కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు' అన్న లెక్కలో ఉంది. కంప్యూటర్ 160ని బరువుతో హెచ్చవేసింది. ఒక్క మాత్ర 38½ మాత్రలైంది. మోతాదు మించిందని డాక్టర్‌కు హెచ్చరిక వచ్చింది, కొట్టేసి ముందుకెళ్లింది. ఫార్మసిస్టుకూ వచ్చింది, అతనూ అంతే. రోబో లెక్క తప్పకుండా మాత్రలు కట్టి పంపింది. నర్సుకు అనుమానం వచ్చి బార్‌కోడ్ స్కాన్ చేస్తే, 38½ సరిగ్గానే ఉందని యంత్రం చెప్పింది. అబ్బాయి అన్నీ మింగాడు. కొన్ని గంటలకు ఫిట్స్ వచ్చాయి. అదృష్టం బాగుండి బతికాడు. ఇదంతా అదే ఆస్పత్రి డాక్టర్ రాబర్ట్ వాక్టర్ 2015లో పుస్తకంగా రాశారు.

నాన్నా పులి కథే. అస్తమానం అరిచే యంత్రం నిజంగా అరిచిన రోజు ఎవరికీ వినబడలేదు.

అదే యూసీఎస్‌ఎఫ్ పరిశోధకులతో కలిసి గూగుల్ వాళ్లు 2020లో ఇంకో దారి పట్టారు. లక్షకు పైగా అడ్మిషన్లు, దాదాపు 30 లక్షల మందుల ఆర్డర్లు చూపించి, ఇలాంటి రోగికి డాక్టర్లు మామూలుగా ఏం రాస్తారో యంత్రానికి నేర్పారు. మామూలు తెలిస్తేనే కదా తేడా తెలిసేది. అది కట్టిన పది మందుల జాబితాల్లో 93 శాతంలో, మర్నాటిలోపు డాక్టర్ రాసిన మందు కనీసం ఒకటి ఉంది. ఇజ్రాయెల్‌లోని షేబా ఆస్పత్రిలో ఇలాంటిదే నిజం వార్డులో పెట్టి చూశారు. 78,017 ఆర్డర్లలో అది నోరు తెరిచింది 0.4 శాతానికే. ఆ హెచ్చరికల్లో 43 శాతానికి డాక్టర్లు ఆర్డర్ మార్చారు. తక్కువ మాట్లాడింది కాబట్టే విన్నారని నా లెక్క.

వాట్సన్ సంగతి ఏమైంది? ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో తీవ్రంగా రక్తస్రావమవుతున్న 65 ఏళ్ల మనిషికి అది బెవాసిజుమాబ్ సూచించిందని 2018లో అమెరికా వార్తాసంస్థ స్టాట్ బయటపెట్టింది. తీవ్ర రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని హెచ్చరిక ఉన్న మందది. పరీక్ష కోసం కల్పించిన రోగి కాబట్టి సరిపోయింది. 2022 జనవరిలో ఐబీఎం వాట్సన్ హెల్త్ వ్యాపారంలో ముఖ్య భాగాన్ని అమ్మేస్తున్నట్టు ప్రకటించింది.

ఇదంతా కంప్యూటర్లో ఫైలున్న రోగుల కథ. మరి చేత్తో రాసిన చీటీ పట్టుకుని మందుల షాపుకెళ్లేవాళ్ల సంగతి? నల్గొండ జిల్లాలో మందుల షాపు నడిపే చిలుకూరి పరమాత్మ, డాక్టర్ల చేతిరాత మీద 2014లోనే హైదరాబాద్ హైకోర్టులో పిల్ వేశారు. మందు పేరు స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో భారత వైద్య మండలి నిబంధన తెచ్చింది. 2022 డిసెంబరులో గూగుల్, చేతిరాత చీటీలోని మందుల పేర్లు గుర్తుపట్టే మోడల్‌ను ఢిల్లీలో చూపించింది. అది చదివిపెట్టడం వరకే, దాని మాట మీదే ఏ నిర్ణయమూ జరగదని కంపెనీయే చెప్పింది. చీటీ మీద ఉన్నది ఆ మందేనో కాదో తేల్చాల్సింది కౌంటర్ వెనక నిలబడ్డ ఫార్మసిస్టే.